అక్క మీద ఒట్టు

జనవరి 28, మంగళవారం

ఇవాళ నా మొహానికి అచ్చు తీశారు.

వేడినీళ్లలో నానబెట్టిన ప్లాస్టిక్ జల్లెడ ఒకటి తెచ్చి మొహం మీద, మెడ మీద, భుజాల దాకా పరిచి నొక్కారు. చల్లారేసరికి బిగుసుకుపోయింది. దాని అంచుల్ని టేబుల్‌కి క్లిప్పులతో బిగించారు. యాభై నాలుగేళ్లుగా ఎవడికీ తల వంచనివాణ్ని. వంచడం దేవుడెరుగు, కదపడానికి కూడా లేకుండా కట్టేశారు. లేచాక ఆ క్లిప్పులు పెట్టిన టెక్నీషియన్ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. నా కూతురికంటే చిన్నది. అంకుల్, బాగా కోఆపరేట్ చేశారు అంది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

గొంతులో క్యాన్సర్ గడ్డకి ముప్ఫై అయిదు సిట్టింగుల రేడియేషనట. వారానికి అయిదు, శని ఆదివారాలు సెలవు. అంటే ఏడు వారాలు. ఎందుకొచ్చిన తిరుగుడు, కరెంటు కాస్త ఎక్కువ పెట్టి వారంలో కానిచ్చేయండి అన్నాను. డాక్టరు నవ్వాడు. అలా చేస్తే గడ్డతో పాటు మీరూ పోతారు అన్నాడు. రోజూ కొంచెం కొంచెం కొడితే మంచి కండ తేరుకుంటుంది, చెడ్డ కండ తేరుకోలేక చస్తుందట. మధ్యలో ఆపితే మాత్రం చెడ్డదే ముందు తేరుకుంటుందట. ఇది నాకు కొత్త విద్యేం కాదు. ఇంజన్ బ్లాక్ పగలగొట్టడం కూడా ఇంతే. ఒకే చోట కొట్టాలి, ఆపకుండా కొట్టాలి.

గొంతుకి రెస్ట్ ఇవ్వాలన్నాడు. అరవడం అసలు వద్దట. పాత బండ్లు విప్పే యార్డులో అరవకుండా పనెలా అవుతుంది? మావాళ్లు నాకు సమ్మెట అని పేరు పెట్టింది నా చేతిలో ఉన్నదాన్ని చూసి కాదు, నా నోరు చూసి. కూతురు ఈ డైరీ కొనిచ్చింది. నోరు మూసుకుని ఇందులో అరుచుకో నాన్నా అంది.

ఫిబ్రవరి 3, సోమవారం

మొదటిది అయింది. లోపల పావుగంట. నొప్పేం లేదు. ఆ జల్లెడ మాస్క్ కింద కళ్లు మూసుకుంటే చచ్చినట్టుంది, తెరిస్తే పాతిపెట్టినట్టుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఒకడు క్యూ మధ్యలో దూరాడు. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. వాడి చొక్కా గుండీలు ఊడాయి. ఛాతీ మీద ఎర్ర ఇంకుతో గీసిన గుర్తులున్నాయి. వాడూ పేషెంటే. సగం గుర్తులు నా అరచేతికి అంటుకున్నాయి. ఆ టెక్నీషియన్ పిల్ల వాణ్ని లోపలికి తీసుకెళ్లి మళ్లీ కొలిచి మళ్లీ గీసేసరికి అరగంట పట్టింది. అందరం కాచుకుని కూర్చున్నాం. ఇంకోసారి ఇలా చేస్తే మీ టైం అందరికంటే చివరికి మార్చేస్తాను అంకుల్ అంది. చిన్నపిల్లయినా గట్టిపిండం.

ఫిబ్రవరి 10, సోమవారం

బావ కనపడ్డాడు. వెయిటింగ్ హాల్లో, కిటికీ పక్కన. మెడలో వాపు. పక్కన ఫ్లాస్కు పట్టుకుని అక్క.

ఇరవై ఏళ్లు నా యార్డులోనే గ్యాస్ కటింగ్ చేశాడు. ఒకే సిగరెట్ ప్యాకెట్ పంచుకుని తాగాం. ఇప్పుడు రోగం కూడా పంచుకున్నాం.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకి పది. నన్ను చంకనెత్తుకుని పెంచింది అక్కే. ఆ అక్కని ఈ వెధవ ముప్ఫై ఏళ్లుగా గొడ్డుని బాదినట్టు బాదాడు. రెండేళ్ల కిందట ఇత్తడి తాళం విసిరాడు. ఎడమ కన్ను పోయింది. కిటికీ గడియ తగిలిందని కంటి డాక్టరుకి చెప్పింది అక్క. గడియ అంత లోతుకి వెళ్తుందా అని ఆయన అడిగితే మా ఇంట్లో గడియలు పెద్దవండీ అందట.

ఆరోజు సమ్మెట తీసుకుని వెళ్లాను. మోకాళ్లు రెండూ నలగ్గొట్టాలని. అక్క కంటికి కట్టుతో గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ముందు నన్ను కొట్టు అంది. నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. మీ బావ మీద చెయ్యి ఎత్తనని, నోరు ఎత్తనని ఒట్టు వెయ్యి అంది. వేశాను. ఎత్తిన సమ్మెట ఊరికే దించబుద్ధి కాక గడప విరగ్గొట్టాను. దానికి ఒట్టు లేదు కదా.

యార్డులో మావాళ్లు ఎగదోస్తూనే ఉంటారు. ఒట్టు తీసి గట్టున పెట్టు అన్నా, ఒక్క దెబ్బతో పోతుంది అంటారు. నా వల్ల కాదు. ఇంకెవరి మీద వేసినా తప్పేవాణ్ని.

ఇవాళ నన్ను చూసి బావ కుర్చీలోకి కుంచించుకుపోయాడు. నేను లేచాను. నాలుగడుగులు వేశాను. అక్క చెయ్యెత్తి తన తల మీద పెట్టుకుని నావైపు చూసింది, అంతే. వెనక్కి వచ్చి కూర్చున్నాను. కుర్చీ కాలు విరిగేదాకా మడమతో తన్నాను. వాడి టైం నా తర్వాతే. ఇంకో ఆరు వారాలు రోజూ ఆ మొహం చూడాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

బావ మాస్క్ కింద కేకలు పెట్టాడు. తలుపు ఇవతలికి వినపడ్డాయి. టేబుల్‌ని కాళ్లతో బాదాడు. మెషీన్ ఆపేసి బయటికి తీసుకొచ్చారు. మొహం నిండా జల్లెడ అచ్చు, ప్యాంటు తడి. అక్కని ముప్ఫై ఏళ్లు జుట్టు పట్టుకుని కదలనివ్వకుండా కొట్టినవాడు. నవ్వాను. ఆపుకోలేకపోయాను. గొంతులోంచి రక్తం పడింది. అయినా నవ్వాను.

మూడో సిట్టింగులో నేనూ అరిచాను. అక్కా అని అరిచాను. మైకులో ఆ పిల్లకి వినపడే ఉంటుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

మాస్కులన్నీ లోపల ఒక అరలో పెడతారు. నాదాని పక్కనే బావది. ముక్కు కూడా అచ్చం వాడి ముక్కే. ఆ పిల్ల ఫోన్ మాట్లాడటానికి అటు వెళ్లింది. తీసి చేతిలో పట్టుకున్నాను. మోకాలికేసి ఒక్కటి కొడితే రెండు ముక్కలు. కొత్తది చెయ్యాలంటే మళ్లీ అచ్చు, మళ్లీ స్కాన్, మళ్లీ లెక్కలు. అన్నాళ్లూ వాడికి కరెంటు ఉండదు. బొటనవేళ్లు రెండూ దాని కళ్ల దగ్గర పెట్టి నొక్కాను. చిటపటమంది.

మళ్లీ అరలో పెట్టేశాను. ఇదీ చెయ్యి ఎత్తినట్టే లెక్క.

మధ్యాహ్నం యార్డుకి వెళ్లి పనికొచ్చే అద్దాలు, పనికిరాని అద్దాలు అన్నీ పగలగొట్టాను. ఎవరూ దగ్గరికి రాలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నాలుక మీద తోలు లేచింది. మంచినీళ్లు కూడా మండుతున్నాయి. తీపి, పులుపు, చేదు అన్నీ ఒకటే. ఏదీ లేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

బావ రాలేదు. నిన్న కూడా రాలేదు. అక్క ఫోన్ చేసి ఒంట్లో బాగోలేదని చెప్పిందట. హాయిగా ఉంది. రెండు రోజులు ఆ మొహం చూడలేదు.

మా అమ్మాయి కారు నడుపుతూ అత్త గురించే మాట్లాడింది. అత్త ఓర్పు ఎవరికీ రాదు నాన్నా, అంత చేసిన మనిషికి స్పూన్‌తో పాలు పడుతోంది, ఆయన వద్దని విసుక్కున్నా ఒక్క మాట అనదు, భూదేవి అంది. నాకు ఒళ్లు మండింది. భూదేవి అయితే ఒకసారి నోరు తెరిచి వాణ్ని మింగొచ్చు కదా అన్నాను. అరవకు నాన్నా అంది.

మార్చి 4, మంగళవారం

హాల్లో ఒక బస్సు డ్రైవరు పరిచయమయ్యాడు. ఆయనదీ గొంతే. సగం కోర్సులో కొడుకు పెళ్లని రెండు వారాలు మానేశాడు. పెళ్లి ఆగదు కదా అన్నాడు. గడ్డ కూడా ఆగలేదు. ఇప్పుడు చెవి కింద పిడికిలంత ఉంది. మళ్లీ కరెంటు పెట్టడానికి లేదట, కండ తట్టుకోదట. ఇంకెందుకొస్తున్నావు మరి అని అడిగాను. ఇంట్లో వాళ్లకి ఇంకా చెప్పలేదు అన్నాడు. పొద్దున్నే తయారై వచ్చి, మాతో కూర్చుని వెళ్తాడు.

మార్చి 6, గురువారం

బావ వచ్చాడు. ఈ వారంలో ఇది రెండోసారే. ఆ పిల్ల అక్కని పక్కకి పిలిచి చెప్పింది. నేను వెనక కుర్చీలోనే ఉన్నాను. ఆంటీ, ఇది మాత్రలు మానేసినట్టు కాదు, ఒక్కో రోజు పోతే గడ్డకి ఒక్కో రోజు ఇచ్చినట్టు అంది. అంకుల్‌కి చెప్తే తల ఊపుతారు కానీ భయంతో ఏమీ వినరు, మీరే చూసుకోవాలి అంది. రెండుసార్లు చెప్పింది. అక్క శ్రద్ధగా విన్నది. అంటే మానేసిన కొద్దీ గడ్డ పెరుగుతుంది, తర్వాత పెట్టినా లాభం ఉండదు, అంతేనా అమ్మా అని తిరిగి అప్పజెప్పింది. అంతే ఆంటీ అంది ఆ పిల్ల. అక్క థాంక్స్ చెప్పింది.

మార్చి 11, మంగళవారం

నిన్న రాలేదు. ఇవాళ వచ్చారు. మెషీన్ గది తలుపు దాకా వచ్చారు. తలుపు చూడగానే బావ వణకడం మొదలుపెట్టాడు. గోడ పట్టుకున్నాడు. నేను అప్పుడే బట్టలు మార్చుకుని కారిడార్లోకి వస్తున్నాను. నన్ను చూడలేదు.

అక్క వాడి వీపు నిమిరింది. పోనీ ఇవాళ వద్దులెండి అంది. ఒక్కరోజుకేం కాదు, ఇంటికెళ్దాం, పడుకుందురుగాని అంది. ఎంత మెత్తగా అందో. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే బడికి వద్దులేరా అని ఇలాగే అనేది. వాడు పసివాడిలా తల ఊపాడు. చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్లిపోయింది. హాల్లో కూర్చున్న ఆడవాళ్లు చూసి, అదృష్టవంతుడు అనుకున్నారు.

అయిదు రోజుల కిందట ఇదే అక్క ఇదే చోట పాఠం అప్పజెప్పింది.

సాయంత్రం 4

ఇంటికి పోకుండా యార్డుకి వెళ్లాను. మూలనున్న పాత వ్యాను మీద పడ్డాను. తలుపులు, బానెట్, పైకప్పు. మెడ మీద కాలిన తోలు పగిలి చొక్కాకి అంటుకుంది. కొడుతూనే ఉన్నాను. ఎవరి మీద కోపమో నాకే తెలియడం లేదు. వాణ్ని చంపుతానని లోకమంతా చాటుకున్నవాణ్ని నేను. రెండేళ్లు పళ్లు కొరుక్కుంటూ ఒట్టు మోసుకు తిరిగినవాణ్ని నేను. అక్కేమో ఫ్లాస్కు పట్టుకుని, మెత్తటి మాట చెప్పి, అందరి కళ్లముందూ. చీమకి కూడా హాని చెయ్యని మనిషి. ఇంటికి పాము వస్తే కర్ర తీసుకోకుండా తలుపు తెరిచి పక్కకి నిలబడే మనిషి.

నిజమో కాదో కూడా తెలియదు. నాకే చెడ్డ బుద్ధి కావచ్చు. పాపం వాడి భయం చూడలేక అందేమో. అడగాలి.

వ్యాను తుక్కు తుక్కయింది. విడిభాగాలు కొనడానికి వచ్చిన మనిషి అది చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

మార్చి 13, గురువారం

అడిగాను. బావ బాత్రూంలో ఉన్నాడు. గొంతు సగం పోయింది, గుసగుసగానే అడిగాను. ఏం చేస్తున్నావో నీకు తెలుసా అక్కా అన్నాను.

అక్క ఫ్లాస్కు మూత బిగించింది. నేనేం చేశానురా అంది. ఆయన వద్దన్నారు, సరేనన్నాను. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఏమంటే దానికి సరేనన్నాను. అప్పుడెవరూ తప్పన్లేదు. ఇప్పుడెందుకు తప్పయింది?

నేను మెడ గోక్కున్నాను.

మెడకి ఏం రాస్తున్నావు, తోలు అలా లేచిపోయింది, ఆయింట్‌మెంట్ పట్టించుకోవా అని కోప్పడింది. నువ్వు మాత్రం ఒక్కరోజు కూడా మానకు అంది.

మార్చి 17, సోమవారం

గొంతు పూర్తిగా పోయింది.

మార్చి 19, బుధవారం

యార్డులో ఒకడు నా మాట అర్థం కాక, ఏంటి అన్నా, మళ్లీ చెప్పు అని నవ్వాడు. చేతిలో ఉన్న స్పానర్ విసిరాను. చెవి పక్కనుంచి వెళ్లి ఆయిల్ డ్రమ్ముకి తగిలింది. ఇంకో రెండు అంగుళాలు ఇటు తగిలుంటే వాడి కన్ను పోయేది. అక్కడే నేల మీద కూలబడ్డాను. వాడే నీళ్లు తెచ్చిచ్చాడు.

మార్చి 24, సోమవారం, ఉదయం 11

చివరిది. మధ్యలో మెషీన్ ఒకరోజు పాడయింది కాబట్టి శుక్రవారం అవ్వాల్సింది ఇవాళ అయింది. ఏడు వారాలూ ఒక రోజు. టేబుల్ దిగుతుంటే ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చానని రాయడానికి సిగ్గేం లేదు.

తర్వాత ఆ పిల్ల నన్ను ఆపింది. మీ బావగారు వారం నుంచి రావడం లేదు, ఫోన్ చేస్తే ఆంటీ రేపు అంటున్నారు అంది. డాక్టరు చెప్పమన్నాడట. రేపటి నుంచి కనక వస్తే రోజుకి రెండుసార్లు, శనివారాలు కూడా పెట్టి పోయినవి ఎలాగోలా భర్తీ చేస్తారట. భయం తగ్గడానికి మందు ఇస్తారట. ఈ వారం దాటితే చేతిలో ఏమీ ఉండదట. మీరు గట్టిగా చెప్పండి అంకుల్, మీ మాట వింటారు అంది. నేను గట్టిగా చెప్పే రోజులు పోయాయని గొంతు చూపించాను. గుసగుసగా చెప్పినా చాలు అంది.

చెప్పేస్తాను. నిర్ణయించుకున్నాను. వాడి కోసం కాదు. వాడు చావాలి, సందేహం లేదు. కానీ అక్క చేతుల్లో కాదు. నన్నెత్తుకున్న చేతులు అవి. చెప్పి, భుజాన వేసుకుని తెచ్చి ఆ టేబుల్ మీద పడేస్తాను. ఎత్తుకోవడం చెయ్యి ఎత్తడం కిందికి రాదు.

సాయంత్రం 6

వెళ్లాను. నేను విరగ్గొట్టిన గడప ఇంకా అలాగే ఉంది.

బావ మంచం మీద ఉన్నాడు. ఎముకల మూట. మెడ వాపు గడ్డం దాకా పాకింది. అక్క స్టీలు గ్లాసుతో పాలు తెచ్చి, తల కింద చెయ్యి వేసి లేపి, స్పూన్‌తో ఒక చుక్క నోట్లో పోసింది. పాలు కాస్త వేడిగా ఉన్నట్టున్నాయి.

ఆ చేతికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో. గ్లాసు లాక్కుని అక్క మొహమ్మీదికి విసిరాడు. గ్లాసు గోడకి కొట్టుకుంది. పాలు అక్క ఎడమ చెంప మీద, మెడ మీద పడ్డాయి. అక్క అరవలేదు. గ్లాసు రాకముందే తల తిప్పేసుకుంది. మంచి కన్ను గోడవైపుకి, పోయిన కన్ను వాడివైపుకి. చూసుకుని తిప్పింది కాదు. ఒంటికి పట్టిన అలవాటు.

నేను లేచాను. అక్క తడి చెయ్యి తల మీద పెట్టుకుంది. కూర్చున్నాను.

బావ కాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత ఏమీ జరగనట్టు నా మణికట్టు పట్టుకున్నాడు. వాడిదీ గుసగుసే. నీదయిపోయిందటగా అన్నాడు. నాకు ఆ మాస్క్ అంటేనే ప్రాణం పోతోందిరా అన్నాడు. మీ అక్క ఒక్కరోజుకేం కాదంటుంది, అది నా మీద ప్రేమకొద్దీ అంటుంది, లోకమంతా నాకు తీపి మాటలే చెప్తుంది అన్నాడు. నువ్వొక్కడివే నిజం మొహాన కొట్టేవాడివి, నువ్వు చెప్పు, ఇన్ని రోజులు మానేశాను కదా, ఏమన్నా అవుతుందా అన్నాడు.

నాలుగు మాటలకి సరిపోయే గుసగుస నా గొంతులో ఉంది. దారి పొడుగునా ఆ మాటలు సరిచూసుకుంటూనే వచ్చాను. అక్క గోడ తుడుస్తోంది. గుడ్డ ఆగింది. వెనక్కి తిరగలేదు. చెంప ఎర్రగా పొంగుతోంది.

తల అడ్డంగా ఊపాను. ఏమీ కాదని.

హమ్మయ్య అని కళ్లు మూసుకున్నాడు. అక్క మళ్లీ గోడ తుడవడం మొదలుపెట్టింది. తర్వాత నాకు చల్లటి పాలు తెచ్చిచ్చింది. ఒక్కో గుక్కా గొంతు కోసుకుంటూ దిగింది. మొత్తం తాగాను.

చెయ్యి ఎత్తలేదు. నోరు ఎత్తలేదు. ఒట్టు అలాగే ఉంది.

మార్చి 25, మంగళవారం

ఇవాళ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. యార్డుకి వెళ్లాను. సమ్మెట లేవలేదు.

మార్చి 28, శుక్రవారం

ఆ పిల్ల మా అమ్మాయికి ఫోన్ చేసింది. చెప్పావా నాన్నా, అత్తావాళ్లకి చెప్పావా అని మా అమ్మాయి అడిగింది. అవునని తలూపాను.

ఏప్రిల్ 24, గురువారం

బావ పోయాడు. ఊపిరి ఆడలేదట. ఇంటినిండా జనం. ఇంత సేవ చేసిన ఆడదాన్ని చూడలేదని అక్కని పట్టుకుని ఏడ్చారు. నేను మోశాను. తేలిగ్గా ఉన్నాడు.

మే 5, సోమవారం

చెకప్. గడ్డ లేదన్నారు. గొంతు బొంగురుగా వస్తోంది. ఆ పిల్ల నా మాస్క్ ఇచ్చేసింది. బావది కూడా మీరే తీసుకెళ్లండి అంకుల్ అంది. తెచ్చి అక్కకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, సబ్బు పెట్టి కడిగి, కాచిన పాలగిన్నె మీద బోర్లించింది. గాలి ఆడుతుంది, పిల్లి ముట్టదు అంది. ఆ పాలతోనే టీ పెట్టి ఇచ్చింది. ఇన్నాళ్లకి తీపి తెలిసింది.